మూడో పేజీలో ఆగిపోయే కథ

ప్రశ్న: కథ మొదలుపెడతాను. మూడో పేజీకి వచ్చేసరికి అంతా చెత్తగా కనిపిస్తుంది. మళ్లీ మొదటి పేరా దిద్దుతూ కూర్చుంటాను. ఏడాదిలో ఒక్కటీ పూర్తి కాలేదు. నాకు రాయడం రాదేమోనండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రాయడం, దిద్దడం ఒకే పూట పెట్టుకున్నారు, చిక్కంతా అక్కడే. చిత్తుప్రతిని రూళ్ల నోటుబుక్కులో వరస విడిచి వరస రాయండి. కొట్టివేతలు వద్దు. నచ్చని వాక్యం పక్కన మార్జిన్‌లో సున్నా చుట్టి ముందుకెళ్లండి. రోజుకు 30 నిమిషాలు చాలు. వాక్యం సగంలో ఉండగానే ఆపేస్తే మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

మూడో పేజీలోనే ఎందుకంటారా? పరిచయాలు అయిపోయి, ఏదో ఒకటి జరగాల్సిన చోటు అది. లోపం చాలాసార్లు భాషలో ఉండదు. పాత్రకు ఏం కావాలో మీకే తేలకపోవడంలో ఉంటుంది. అది ఒక్క వాక్యంలో రాసి చూడండి. రాయలేకపోతే మొదటి పేరాను నూరుసార్లు చెక్కినా కథ కదలదు.

పూర్తయ్యాక 10 రోజులు బీరువాలో పడేసి, తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన చోట, సున్నాలు చుట్టిన చోట మాత్రమే దిద్దండి. ఇద్దరికి చూపించండి. “బాగుందా?” అని అడిగితే మొహమాటానికి బాగుందనేస్తారు (ఇంట్లోవాళ్లయితే మరీనూ). “ఎక్కడ విసుగొచ్చింది?” అని అడగండి.