ముసాయిదా ప్లాన్‌లో మా హాలు మీదుగా రోడ్డు గీశారు, అభ్యంతరం రాస్తే పనవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది 2012లో గుంటూరు నగరంలో కలిపిన పది గ్రామాల్లో ఒకటి. రిటైర్డ్ టీచర్ని. పంచాయతీగా ఉన్న రోజుల్లోనే 200 గజాలు కొని గ్రౌండ్ ఫ్లోర్ వేసుకున్నాం. అబ్బాయి కోసం పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటుంటే, ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో మా ముందున్న 33 అడుగుల రోడ్డును 60 అడుగులు చేశారని తెలిసింది. ఎదురువైపు ఖాళీ స్థలాలే ఉన్నా గీత మాత్రం మా వైపు, మా హాలు మీదుగా పోతోంది. అభ్యంతరాలకు ఇంకా పదకొండు రోజులే గడువు. రాసినా చెత్తబుట్టలోకే పోతుందంటున్నారు ఇరుగుపొరుగు. ఈ రోడ్డే వద్దు, కాలనీ వెనకున్న వాగు పోరంబోకులో వేసుకోండి అని మా వార్డులో ఒకాయన కాగితం టైపు చేయించి అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాడు. నేనూ పెట్టాలా? లేక ఇప్పుడే హైకోర్టుకు వెళ్లాలా? ఇల్లు పోతే పరిహారం ఇస్తారా? మా లేఅవుట్ పార్కును కూడా ప్లాన్‌లో కమర్షియల్ రంగులో చూపించారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, ముందు నిద్రపోండి. ముసాయిదాలో గీత పడినంత మాత్రాన ఎవరూ మీ హాలు కూల్చరు. రాబోయే ఇరవై, ముప్పై ఏళ్లలో ఊరు ఎటు పెరగాలి, ఇళ్లెక్కడ, దుకాణాలెక్కడ, రోడ్లెక్కడ అని గీసుకునే పటమే మాస్టర్ ప్లాన్. భూమి తీసుకోవాలంటే దానికి వేరే చట్టం ఉంది, వేరే నోటీసు ఇవ్వాలి.

అలాగని కాగితం పక్కన పడేయకండి. గీత ఖరారైతే మొదటి దెబ్బ మీ పై అంతస్తుకే తగులుతుంది. ప్లాన్ అప్రూవల్‌కు పెట్టిన రోజున, రోడ్డు విస్తరణలో పోయే భాగం వదిలి కట్టుకోమంటారు. అమ్ముదామన్నా, కొనేవాళ్ల బ్యాంకు వకీలు ఆ గీత చూసి కొర్రీ వేస్తాడు. రోడ్డు పదేళ్లకు కూడా రాకపోవచ్చు, ఇబ్బంది మాత్రం వెంటనే మొదలవుతుంది.

గుంటూరు, విజయవాడ రెండూ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) పరిధిలోనివి. 1978 నాటి పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడా స్థానంలో 2014 చట్టంతో వచ్చిన సంస్థ అది. ముసాయిదాను ప్రకటించి, జనం చెప్పే అభ్యంతరాలు, సలహాలు పరిశీలించాకే ప్లాన్ ఖరారు చేయాలన్నది చట్టంలోని పద్ధతి. మామూలుగా 30 రోజులు ఇస్తారు. మీ నోటిఫికేషన్‌లో ఏ తేదీ ఉందో అదే మీకు లెక్క. రాజధాని నగర ముసాయిదా ప్లాన్ 2015 డిసెంబరులో వస్తే 2016 ఫిబ్రవరికల్లా ఖరారైపోయింది. సంక్రాంతి అయ్యాక చూద్దాం అనుకున్నవాళ్లకు మిగిలిన టైము ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇక చెత్తబుట్ట సంగతి. మీ ఇరుగుపొరుగు మాటలో సగం నిజం ఉంది. 'ఈ ప్లాన్ వల్ల పేదలు నష్టపోతారు, రద్దు చేయండి' అని మూడు వందల మంది ఒకే కాగితం ఇస్తే, ఆఫీసులో దాన్ని ఒకే అభ్యంతరంగా రాసుకుని ఒకే వాక్యంతో తోసిపుచ్చుతారు. అధికారి తప్పనిసరిగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న అందులో ఉండదు మరి. మీ కాగితంలో ఆ ప్రశ్న ఉండాలి.

అందుకు ముందు మ్యాపు దగ్గరకు వెళ్లండి. ఫోన్లో ఎవరో పంపిన ఫొటో చూసి హాలు పోయిందనుకుంటే కుదరదు. మ్యాపు కింద మూలన స్కేలు చూడండి. అది 1:10,000 అయితే మ్యాపు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద పది మీటర్లు, అంటే దాదాపు 33 అడుగులు. మీ రోడ్డంత వెడల్పు! పెన్సిల్ మొన అటూ ఇటూ జరిగితే గీత మీ హాల్లోంచి ఎదురు స్థలంలోకి పోతుంది. కాబట్టి మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ స్కెచ్ (కొలతలతో ఉండే సర్వే పటం) తీసుకుని వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. ఆ రోడ్డును ఎఫ్ఎంబీ మీద వేసి, ఏ వైపు ఎన్ని అడుగులు పోతున్నాయో చూపించమనండి. చూపించలేకపోతే మీ మొదటి అభ్యంతరం అదే: 'నా స్థలంలో ఎంత పోతుందో తెలిసేలా ముసాయిదా లేదు, వివరంగా కొలతలు చూపి మళ్లీ అవకాశం ఇవ్వండి.'

రెండోది లెక్క. మీ స్థలం ముఖం 30 అడుగులు, లోతు 60 అనుకుందాం. 33 అడుగుల రోడ్డు 60 కావాలంటే ఇంకో 27 అడుగులు కావాలి. మొత్తం మీ వైపే తీసుకుంటే 27 ఇంటూ 30, అంటే 810 చదరపు అడుగులు. 200 గజాల్లో 90 గజాలు పోతాయి. రోడ్డు మధ్యగీత నుంచి రెండు వైపులా సమానంగా తీసుకుంటే మీ వాటా పదమూడున్నర అడుగులు, 45 గజాలు. హాలు నిలుస్తుందో లేదో టేపు పట్టి చూసుకోండి. 'ఎదురువైపు ఖాళీ స్థలాలుండగా అదనపు వెడల్పంతా ఇళ్లున్న వైపే ఎందుకు తీసుకుంటున్నారో కారణం చెప్పండి, మధ్యగీత నుంచి సమానంగా తీసుకోండి' అని రాయండి. జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఇదే. ఎదురుస్థలాలు ఎవరివో నాకు తెలుసు అంటారేమో, తెలిసినా రాయకండి. ఒక్క ఆరోపణ చేర్చారంటే మీ కొలతలన్నీ పక్కకు పోయి గొడవే మిగులుతుంది.

ఆ వార్డాయన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. చెరువుల్ని, ఊరుమ్మడి భూముల్ని ఇంకో పనికి మళ్లించకూడదని సుప్రీంకోర్టు 2001లో, మళ్లీ 2011లో గట్టిగా చెప్పింది. చట్టం దాకా ఎందుకు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీల్ని రోజుల తరబడి ముంచిన సంగతి మీకు తెలుసు. వాగు పోరంబోకులో రోడ్డేస్తే కొట్టుకుపోయే కాలనీల్లో మీదీ ఉంటుంది. పైగా రేపు ఏదైనా కేసులో ఆ సంతకం మీకే అడ్డు. సంఘం తరఫున ఇవ్వాలంటే మధ్యగీత వాదన మీదే వేరుగా ఒకటి ఇవ్వండి. ఇంటింటికీ విడిగా, వాళ్ల వాళ్ల కొలతలతో ఇంకొకటి ఇవ్వాలి.

కాగితం తెలుగులోనే రాయండి, పరవాలేదు. పేరు, సర్వే నంబరు, ఇంటి నంబరు, గజాలు రాసి దస్తావేజు, లింకు డాక్యుమెంటు, ఇంటి పన్ను రసీదు, ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్ ఉంటే అవీ జత చేయండి. 'నన్ను స్వయంగా పిలిచి వినాలని కోరుతున్నాను' అన్న వాక్యం మర్చిపోవద్దు. అడగకుండా పిలుస్తారనుకోకండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. సారు లేరు, టేబుల్ మీద పెట్టి వెళ్లండి అంటే పెట్టకండి. ఆ రోజే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి దానికోసం వెతకనక్కర్లేదు. పదకొండో రోజు దాకా ఆగొద్దు, ఆరో రోజుకల్లా ఇచ్చేయండి. ఆర్టీఐ ఇప్పుడు పనికిరాదు, జవాబుకు 30 రోజులు పడుతుంది. ఖరారయ్యాక మీ అభ్యంతరం మీద ఫైల్లో ఏం రాశారో తీసుకోవడానికి మాత్రం పది రూపాయలతో అంతకు మించిన సాధనం లేదు.

హైకోర్టు అన్నారు. ఖరారు కాని ప్లాన్ మీద నేలపాడు వెళ్లి రిట్ వేస్తే, ముందు అభ్యంతరం చెప్పుకోండి అని పంపేసే అవకాశమే ఎక్కువ. ఫీజు మాకొస్తుంది, మీకేం రాదు. మ్యాపు చూపించకపోయినా, అభ్యంతరం తీసుకోకపోయినా ఇప్పుడే వెళ్లొచ్చు. మీ కాగితాన్ని పట్టించుకోకుండా ప్లాన్ ఖరారు చేస్తే ఆలస్యం చేయకుండా వెళ్లాలి. అప్పుడు జడ్జి గారు మొదట అడిగేది స్టాంపున్న ఆ రెండో కాపీనే.

పరిహారం మాట. ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాకపోయినా రాజ్యాంగం 300ఎ అధికరణ కింద భద్రంగానే ఉంది. నోటీసు ఇవ్వడం, చెప్పేది వినడం, కారణాలతో నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం సహా ఏడు అంశాలు ఆ హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2024 మేలో ఒక కోల్‌కతా కేసులో తేల్చింది. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే మార్కెట్ విలువ, కట్టడం విలువ, వాటి మీద నూరు శాతం సొలేషియం, అంటే ఊరట కింద అంతే మొత్తం అదనంగా ఇవ్వాలి. ఆచరణలో మాత్రం మీ చేతిలో టీడీఆర్ బాండు పెట్టాలని చూస్తారు. అది డబ్బు కాదు. వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు, బిల్డర్‌కు అమ్ముకోవాలి, ధర ఆ రోజు గిరాకీని బట్టి ఉంటుంది. పెద్ద స్థలాలున్నవాళ్లకు లాభం కావచ్చు. 45 గజాలు పోయే పెన్షనర్‌కు నగదే మేలని నా అభిప్రాయం. సమ్మతి పత్రం, గిఫ్ట్ డీడ్ ఏది ముందు పెట్టినా ఇంటికి తెచ్చుకుని చదివి, ఎవరికైనా చూపించాకే సంతకం పెట్టండి.

పార్కు గురించి వేరే కాగితం ఇవ్వండి, మీ రోడ్డు గొడవతో కలపొద్దు. అప్రూవ్డ్ లేఅవుట్ కాపీలో అది పార్కుగా ఉంటే చాలు, గట్టి కేసు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి ఇస్తే కాలనీవాసులు పోరాడారు, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. కాపీ మీ దగ్గర లేకపోతే లేఅవుట్ వేసినాయన దగ్గరో, ప్లాటు కొన్న మొదటివాళ్ల దగ్గరో ఉంటుంది. ఈ ఆదివారమే వెళ్లి అడగండి.