మనసు నిలవనివారికి శ్వాస కన్నా పాదాలే నయం

ఒత్తిడి తగ్గుతుందని మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించే సాధన, మొదలుపెట్టాననీ, కళ్ళు మూసుకుని శ్వాసను గమనిస్తుంటే ప్రశాంతత మాట అటుంచి గుండెదడ ఇంకా పెరుగుతోందనీ, ఇది తనకు సరిపడదేమోననీ ఇక్కడ ఒకరు అడిగారు. సరిపడదని అప్పుడే తేల్చేసుకోవద్దని నా సలహా. మీరు మొదలుపెట్టిన చోటు సరైనది కాకపోయి ఉండవచ్చు. ఆందోళనలో ఉన్న మనిషిని శ్వాస మీద దృష్టి పెట్టమంటే, అతడు దాన్ని గమనించడం మానేసి సరిదిద్దడం మొదలుపెడతాడు. గబగబా లోతుగా పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, తల తేలికగా తిరిగినట్టయి, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. అది చూసి మరింత భయపడతాడు. నాకూ అచ్చంగా ఇలాగే జరిగింది.

నేను లెక్కల విభాగంలో పనిచేస్తాను. ఖాతాలు ముగించే రోజుల్లో రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, మరి నిద్ర పట్టేది కాదు. ఆ ఏడాదే ఒక దంతవైద్యుడు నా దవడపళ్ళు అరిగిపోయి ఉండటం చూసి, నిద్రలో పళ్ళు నూరుతారా అని అడిగారు. పళ్ళు నూరడమనేది కోపాన్ని వర్ణించడానికి వాడే మాటే తప్ప నిజంగా ఎవరైనా చేసే పని అనుకోని నేను, నవ్వేసి వచ్చేశాను.

తరువాత కొంతకాలానికి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణలో చేరాను. 1979లో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారి కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. రెండో వారంలో మమ్మల్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ కాలి బొటనవేలి నుంచి తల దాకా ఒక్కొక్క భాగాన్నే గమనిస్తూ రమ్మన్నారు. దానికి ముప్పావు గంట పడుతుంది. బొటనవేలి దగ్గర నాకు ఏమీ తెలియలేదు. ఆ సాయంత్రం కుదరకుండా వదిలి వచ్చిన పద్దు ఒకటి కళ్ళ ముందు తిరుగుతుంటే, నాకు కాలు ఉన్నదన్న సంగతే గుర్తు లేదు. చాలాసేపటికి మడమ నేలకు ఒత్తుకుంటున్న బరువూ, నేల చల్లదనమూ తెలిశాయి. మెల్లగా పైకి వచ్చి దవడను చేరుకునేసరికి, నాలుక అంగిలికి గట్టిగా అదుముకుని ఉంది, పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకదాన్నొకటి కరచుకుని ఉన్నాయి. నేను మెలకువగానే ఉన్నాను, హాయిగా పడుకుని ఉన్నాను, నన్ను ఎవరూ ఏ లెక్కా అడగడం లేదు. అయినా నా దవడ మాత్రం ఎవరితోనో కొట్లాటకు సిద్ధంగా ఉంది. వదులు చేశాను. అర నిమిషం గడవకముందే మళ్ళీ బిగిసింది, మళ్ళీ వదిలాను. ఆ ముప్పావు గంటలో ప్రశాంతత అనేది ఒక్క క్షణమైనా కలగలేదు కానీ, ఏడాదిగా నా ఒంట్లో నాకు తెలియకుండా జరుగుతున్న పని ఒకటి నా కంటబడింది.

మైండ్‌ఫుల్‌నెస్‌కు తెలుగులో కొత్త మాటలు పుట్టించడం ఎందుకో నాకు అర్థం కాదు. ఎరుక అనే మాట మనకు ఉండనే ఉంది. దానికి ఎదురుగా నిలిచే మాట పరధ్యానం, అంటే ధ్యానం లేకపోవడం కాదు, అది మరోచోట ఉండటం. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2,250 మందిని రోజులో వేర్వేరు వేళల్లో ఫోన్ ద్వారా పలకరించి చూస్తే, దాదాపు 47 శాతం సందర్భాల్లో వారి మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. కాబట్టి ధ్యాస చెదిరిందని మీరు నొచ్చుకోనక్కరలేదు. చెదిరిందని గుర్తించిన ఆ క్షణమే సాధన అని నేను గట్టిగా నమ్ముతాను.

రోజుకు ఐదు నిమిషాలు చాలునని చెప్పి, ఒక్క రోజు తప్పితే వరుస తెగిపోయిందని బెదిరించే ఫోన్ యాప్‌లంటే మాత్రం నాకు ఒళ్ళు మంట. ఇద్దరు చేయవలసిన పనిని ఒకరి నెత్తిన పెట్టి, మధ్యాహ్న భోజన విరామంలో ధ్యానం క్లాసు ఏర్పాటు చేసే కార్యాలయాల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆందోళన రుగ్మతలున్న 276 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ ఎనిమిది వారాల శిక్షణ, మరో జట్టుకు ఆందోళనకు వాడే ఎస్సిటాలోప్రామ్ అనే మాత్రలు ఇస్తే, రెండు జట్లకూ ఇంచుమించు ఒకే స్థాయిలో గుణం కనిపించింది. అయితే ఆ శిక్షణ అంటే వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట సాధన. దీన్ని చూపించి ఎవరూ మందులు మానేయమని అర్థం చెప్పుకోకూడదు. వైద్యుడిని అడగకుండా అలా మానడం ప్రమాదం.

మీరు చేయవలసింది ఇంతే అనుకుంటున్నాను. కళ్ళు తెరిచే ఉంచి, కుర్చీలో కూర్చుని, అరికాళ్ళు నేలకు తగులుతున్న చోటును రెండు నిమిషాలు గమనించండి. మనసు పక్కకు వెళ్ళినప్పుడల్లా తిట్టుకోకుండా అరికాళ్ళ దగ్గరకు తెచ్చుకోండి. శ్వాస జోలికి కొన్ని వారాల తరువాత వెళ్ళవచ్చు, అసలు వెళ్ళకపోయినా నష్టం లేదు. కూర్చున్నప్పుడల్లా పాత గాయాల జ్ఞాపకాలు ముంచుకొస్తుంటే మాత్రం ఒంటరిగా పట్టుదలకు పోకుండా ఆపేసి, మానసిక నిపుణుల దగ్గరకు వెళ్ళండి.

నేను ఇప్పటికీ రాత్రిళ్ళు పళ్ళకు తొడుగు పెట్టుకునే పడుకుంటాను. పగటిపూట ఫోన్ మోగినప్పుడు మాత్రం, ఎత్తేలోపు దవడ ఎలా ఉందో ఒకసారి చూసుకుంటాను, చాలాసార్లు అది బిగిసే ఉంటుంది.