మేనల్లుడికి, జపం మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి, బెంగళూరు మల్లేశ్వరం నుండి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే ఏకాదశి నుండి తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రోజుకు 11 మాలల జపం, విష్ణు సహస్రనామ పారాయణ, గీతలో ఒక అధ్యాయం చేయబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఈ తరంలోనూ ఒకడు జపమాల పడుతున్నాడని కళ్ళు చెమర్చాయి. కాని వైట్‌ఫీల్డ్‌లో పని ముగించుకుని రాత్రి ఒంటిగంటకు పడుకునే పిల్లవాడు నాలుగింటికి లేచి, ఆ నిద్రకళ్ళతోనే అవుటర్ రింగ్ రోడ్డు మీద బండి నడుపుతాడన్న దిగులు రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. అతిగా నిద్రపోయేవాడికీ, బొత్తిగా నిద్ర మానేవాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు. ఏడింటికి లేచి చేసినా అది జపమే నాయనా.

స్నానం, దీపం, తూర్పుముఖం, రోజూ అదే చోటు: ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం వివరంగా చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళ వయసులో 48 రోజుల మండలదీక్ష పట్టి, నీలాగే రోజుకు 11 మాలలు, అంటే 1,188 సార్లు మంత్రజపం చేస్తానని సంకల్పం చెప్పుకున్నాను. వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, పీట మీద నుండే గుడ్లురిమేవాణ్ణి. ముప్పై రెండో రోజున ఏడో మాల నడుస్తుండగా, అప్పటికి నాలుగేళ్ళ మా అమ్మాయి, అదే మీ వదిన, వచ్చి నా భుజానికి ఆనుకుంది. లెక్క తప్పుతుందని కళ్ళు తెరవకుండానే చేత్తో పక్కకు నెట్టాను. పదకొండో మాల మేరుపూసకు చేరి కళ్ళు తెరిచేసరికి, పిల్ల గడప మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. బుగ్గ మీద గడప అంచు ఎర్రగా అచ్చుపడింది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. కుళాయి దగ్గర నుండి వచ్చిన మీ అత్తయ్య ఒక్క మాట అనకుండా పిల్లను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ రోజు లెక్కలో ఒక్క పూస కూడా తప్పలేదు కాని, ఆ జపం ఎవరికి చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గుతో మాల పెట్టెలో పెట్టేసి మూడేళ్ళు ముట్టలేదు. అది ఇంకా పెద్ద తప్పు.

అభ్యాసం గట్టిపడాలంటే దీర్ఘకాలం, ఎడతెగకుండా, సత్కారంతో చేయాలని యోగసూత్రాల్లో పతంజలి అన్నాడు. నేను ఎడతెగకుండా అన్న మాట ఒక్కటే పట్టుకున్నాను. సత్కారమంటే ఆదరమని, అది పటం ముందు ఉన్నంతగా పిల్ల ముందూ ఉండాలని నాకు తోచలేదు.

కాబట్టి రోజుకు ఒక్క మాలతో మొదలుపెట్టు. అది ఒక మండలం నిలిచాక చూద్దాం. సహస్రనామం నిదానంగా చదివితే అరగంట పడుతుంది, దాన్ని ఆదివారానికి ఉంచుకో. ఒక రోజు తప్పితే మరునాడు రెండు మాలలు చేయకు. ఎప్పటిలా ఒక్కటే చేయి.

నిన్ను చిన్నప్పుడు సంక్రాంతి సాయంత్రం గవి గంగాధరేశ్వరుడి గుడికి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాను, గుర్తుందా? నంది కొమ్ముల మధ్య నుండి సూర్యకిరణం లింగం మీద పడే ఆ కాసేపటి కోసం జనం కిక్కిరిసిపోతారు. నేను మామూలు రోజుల్లోనూ వెళ్ళాను. నలుగురే ఉన్నా అర్చకులు అభిషేకం అంతే శ్రద్ధగా చేస్తున్నారు. నువ్వు కిరణం కోసం కాచుకుని కూర్చోకు. ముందుకు వెళుతున్నావో లేదో తెలుసుకోవాలంటే, సిగ్నల్ దగ్గర వెనక నుండి హారన్ కొట్టినవాడి మీద కోపం నీలో ఎంతసేపు నిలుస్తోందో చూసుకో.

ఈ ఆదివారం ఇంటికి రా. నా పక్కనే పీట వేస్తాను, ఇద్దరం ఒక్క మాల చేసుకుందాం. అత్తయ్య దద్ధ్యోదనం చేస్తానంది. తిని, మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయి, సాయంత్రం మెట్రోలో వెళ్ళు. బండి తేవద్దు.

ఆశీస్సులతో,
మామయ్య