మా తమ్ముడి అప్పీలుకు అడ్డం పడ్డది ఫీజు కాదు

"అమెరికాలో పేద ఖైదీల దగ్గర కూడా కోర్టు ఫీజు వాయిదాల మీద వసూలు చేస్తారట. మన దగ్గర శిక్ష పడినవాడికి అప్పీలు వేసే స్తోమత లేకపోతే ఎలా?" అని ఒకరు నన్ను అడిగారు.

అమెరికా సంగతి నిజమే. 1996లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడి ఫెడరల్ కోర్టులో ఖైదీ సివిల్ దావా వేసినా, దాని మీద అప్పీలుకు పోయినా ఫీజు మొత్తం కట్టాల్సిందే. ఒకేసారి కట్టలేకపోతే జైలు ఖాతాలో పడే డబ్బులోంచి నెలకు 20 శాతం చొప్పున పట్టుకుంటారు. మన దగ్గర ఆ బాధ లేదు. 1870 నాటి కోర్టు ఫీజుల చట్టంలోనే ఖైదీ పెట్టుకునే పిటిషన్‌కు మినహాయింపు రాసి ఉంది. ఈ ముక్క 2019లో మాకు ఒక్కరు చెప్పి ఉంటే మా చిన్నమ్మ బర్రెను అమ్ముకునేది కాదు.

మాది దేవరకొండ వైపు ఊరు. మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, బోరు పైపు గట్టు మీదుగా వేసిన తగాదాలో ఇరుక్కున్నాడు. కొట్లాటలో అవతలి మనిషి చనిపోయాడు. ఏడేళ్ల శిక్ష పడింది. వాడి తప్పు లేదని నేను అనను. కానీ ఆ రోజు గట్టు మీద పార పట్టుకున్నది వాడొక్కడే కాదు, ఆ సంగతి పై కోర్టు వినాలని మా పట్టుదల.

తీర్పు రోజు సాయంత్రం కోర్టు గేటు బయట ఒకాయన కలిశాడు. వకీలు కాదు, వకీళ్ల దగ్గరికి మనుషులను తీసుకుపోయే రకం. కాగితం మీద లెక్క వేసి చూపించాడు: హైకోర్టు ఫీజు 18 వేలు, తీర్పు కాపీకి 4 వేలు, టైపింగు, పైఖర్చులు, మొత్తం 40 వేలు. చిన్నమ్మ వారంలో బర్రెను అమ్మింది. ఆయన డబ్బు తీసుకుని "కాపీ ఇంకా రాలేదు, కాపీ రానిదే అప్పీలు కాదు" అంటూ తిప్పాడు. ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

తమ్ముణ్ణి అప్పటికే హైదరాబాద్ దగ్గరి పెద్ద జైలుకు మార్చారు. ములాఖత్‌కు పోయినప్పుడు కాపీ కోసమే ఆగామని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అన్నా, నాకు గూడ ఒక కాగితాల కట్ట ఇచ్చి సంతకం పెట్టిచ్చుకున్నరు. గదేందో నాకు తెల్వదు" అన్నాడు. మళ్లీ వచ్చేటప్పుడు పట్టుకురమ్మన్నాను.

పదిహేను రోజులకు తెచ్చాడు. బట్టల షాపు ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టి ఉంది. మధ్యలో వాళ్లమ్మ ఫోటో. విప్పి ఒక్కో పేజీ జాలీకి ఆనించి పట్టుకున్నాడు. నేను ఇవతలి నుంచి తల వంచి చదువుతున్నాను. అంతా ఇంగ్లీషు. నేను ఎరువుల షాపులో లెక్కలు రాసేవాణ్ణి, నాకు సగమే అర్థమైంది. చివరి పేజీలో ముద్ర, దాని కింద తేదీ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. తీర్పు చెప్పిన రోజు తేదీయే. మేం 4 వేలు ఇచ్చి ఎదురుచూస్తున్న కాపీ మొదటి రోజు నుంచి వాడి దిండు కిందే ఉంది. శిక్ష మీద హైకోర్టుకు పోవడానికి గడువు 60 రోజులు. అప్పటికి 71 రోజులైంది. జాలీ పట్టుకుని ఏడ్చాను, సిగ్గు పడను.

తర్వాత తెలుసుకుంటే, ఆ సంతకం వెనక పెద్ద కథే ఉంది. 1978లో హోస్కోట్ అనే ఖైదీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. తీర్పు కాపీ తన చేతికి అందలేదని ఆయన, ఇచ్చామని జైలు వాళ్లు. ఇచ్చినట్టు సంతకం లేదు. అప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు: జైలు శిక్ష పడినవాడికి కాపీ ఉచితంగా ఇవ్వాలి, అందినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి, అప్పీలు వేసుకునే సౌకర్యం జైల్లోనే కల్పించాలి, లేనివాడికి వకీలును పెట్టాలి. మా తమ్ముడి విషయంలో సంతకం ఒక్కటే జరిగింది. అదేమిటో, దానితో ఏం చేయొచ్చో రెండు మాటలు తెలుగులో చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? అప్పీలుకు వీలున్న తీర్పును ఖైదీ అర్జీ పెట్టుకుంటే, వీలైనంత వరకు వాడి భాషలోనే ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. అలా అడిగి తెలుగు కాపీ తీసుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకో బాధ మనవాళ్లది. ఊరికే వచ్చే వకీలు ఊరికే ఉంటాడని మా బాబాయి మొండికేశాడు. ఉచితంగా వకీలును పెట్టే సర్కారు సంస్థ, లీగల్ సర్వీసెస్ వాళ్ల దగ్గరికి పోదామంటే, పరువు పోతుందన్నట్టు చూశారు. పైగా ఆదాయం సర్టిఫికెట్ కావాలని ఎవరో చెబితే మండలాఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగాను. కావాల్సిన పనే లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు హక్కు.

చివరికి ఆ దారిలోనే పోయాం. వకీలుకు కేసు అప్పగించే కాగితం, వకాలత్ మీద తమ్ముడు జైల్లో అధికారి ముందు సంతకం పెట్టాడు. ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, దానితో అప్పీలు. ఒక్క రూపాయి అడగలేదు. వచ్చిన వకీలమ్మ ఆ మడతలు పడ్డ కాగితాలన్నీ చదివి, పార సంగతి రాసి ఉన్న పేరా వేలుపెట్టి చూపించింది. కొన్ని నెలలకు అప్పీలు తేలేదాకా శిక్ష సస్పెండ్ అయి బెయిలు వచ్చింది. అప్పుడు ఇద్దరు జామీనుదారుల కోసం మళ్లీ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాం. అసలు డబ్బు, పలుకుబడి లేకపోతే ఎంత కష్టమో అక్కడ తెలిసింది. బర్రె డబ్బులు ఈ రోజుకూ తిరిగి రాలేదు.

మీవాళ్లు ఎవరైనా లోపల ఉంటే ఎవరికీ డబ్బులు ఇవ్వకండి. 15100కు ఫోన్ చేయండి, అది లీగల్ సర్వీసెస్ వాళ్ల ఉచిత నంబరు. లోపలి మనిషి తనే అప్పీలు కాగితం జైలు అధికారికి ఇచ్చినా సరే, దాన్ని కోర్టుకు పంపే బాధ్యత వాళ్లదే. ఇంతకుముందు అది పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్పీసీలో 383వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 424. ములాఖత్‌కు పోతే బాగున్నావా అని అడిగిన వెంటనే, "నీతో సంతకం పెట్టించుకుని ఏమన్నా కాగితాలు ఇచ్చారా?" అని అడగండి. ఉన్నాయంటే చివరి పేజీలో తేదీ చూడండి.