దామన్‌జోడి కాంట్రాక్ట్ ఉద్యోగం: చేరే ముందు ఇది చూసుకో

తమ్ముడూ, ఒడిశాలోని దామన్‌జోడిలో "నాల్కో ఉద్యోగం" (కేంద్ర ప్రభుత్వ అల్యూమినియం కంపెనీలో) వచ్చింది, చేరాలా అని అడిగావు కదా, ముందు ఆర్డర్ కాగితంలో ఎవరి పేరుందో చూడు. కాంట్రాక్టర్ పేరుంటే నీ యజమాని అతనే, నాల్కో పర్మనెంట్ వాళ్లకిచ్చే సౌకర్యాలు నీకు వస్తాయనుకోవద్దు.

పెద్ద రిఫైనరీలో పని నేర్చుకుంటావు, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కితే చాలు కాబట్టి ఇల్లూ మరీ దూరం కాదు. ఆ రెండూ నిజంగా మంచివే. కానీ నేను రాయగడ వైపు ఒక కాంట్రాక్టర్ దగ్గర చేసినప్పుడు జీతంలో పీఎఫ్ కోశాడు, ఖాతాలో మాత్రం ఏడు నెలలు వేయలేదు, ఆ టెన్షన్ నీకొద్దు. యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) తీసుకుని పాస్‌బుక్ నెలనెలా చూసుకో, నీ 12 శాతంతో పాటు యజమాని వాటా కూడా కనిపించాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే చెల్లించే బాధ్యత చట్టప్రకారం అసలు కంపెనీ, అంటే నాల్కో మీద పడుతుంది, అందుకే గేట్ పాస్, జీతం స్లిప్పులు పారేయకు.