టేబుల్ మీద ఆడే స్కర్మిష్ గేమ్‌ని కంప్యూటర్‌లోకి తెచ్చేటప్పుడు రూల్స్ ఎంతవరకు మార్చాలి?

మీరూ మీ ఫ్రెండ్సూ మోర్డ్‌హైమ్ (కొద్దిపాటి బొమ్మలతో ఆడే స్కర్మిష్ టేబుల్ ఆట) తరహాలో సొంతంగా రాసుకున్న రూల్స్‌తో, వైపుకి పది పన్నెండు బొమ్మలు పెట్టుకుని ఆడుతున్నారు, ఇప్పుడు దాన్ని టర్న్ బేస్డ్ (వంతుల వారీగా ఆడే) కంప్యూటర్ గేమ్‌గా చేద్దామనుకుంటున్నారు, రూల్స్ ఉన్నవి ఉన్నట్టు కోడ్ చేయాలా, మార్చాలా అని కదా అడిగారు. ఆఫీసు అయ్యాక ఇద్దరు మిత్రులతో కూర్చుని నేను సరిగ్గా ఇదే పని చేశాను కాబట్టి సూటిగా చెప్తాను. ముందు ఉన్నది ఉన్నట్టే కోడ్ చేయండి, గ్రాఫిక్స్ జోలికి పోకుండా, గుండ్రాలూ చదరాలూ చాలు. తర్వాత పాచిక పడే ప్రతి చోటా ఆగి, ఇక్కడ ఆడేవాడు ఏదైనా నిర్ణయం తీసుకుంటున్నాడా అని చూడండి. తీసుకోవడం లేదంటే ఆ పాచిక తెర మీద కనిపించాల్సిన పని లేదు.

ఉదాహరణకి తగిలిందా, గాయమైందా, కవచం ఆపిందా అని మూడుసార్లు వేసే పద్ధతి. 4 లేదా అంతకన్నా ఎక్కువ, మళ్లీ 4 లేదా ఎక్కువ, ఆ తర్వాత అవతలివాడికి 5 లేదా ఎక్కువ పడితే కవచం ఆపుతుంది అనుకుందాం. మొత్తం లెక్క కడితే దెబ్బ పడే అవకాశం ఆరింట ఒకటి, అంటే 17 శాతం. టేబుల్ మీద మూడు పాచికలకీ అర్థం ఉంది, మూడోది దెబ్బ తినేవాడే వేస్తాడు కాబట్టి వాడూ ఆటలో ఉన్నట్టు ఉంటుంది, లేకపోతే వాడు ఫోన్ చూసుకుంటాడు. కంప్యూటర్‌లో అదే మూడు యానిమేషన్లుగా చూపిస్తే రెండో మ్యాచ్‌కే స్కిప్ బటన్ ఎక్కడా అని అడుగుతారు. మేం లోపల మూడు లెక్కలూ అలాగే ఉంచి (కవచాన్ని చీల్చే ఆయుధాలకి అవి కావాలి), బయటికి మాత్రం ఒకే శాతం చూపించాం, మౌస్ పెడితే విడివిడిగా కనిపిస్తుంది.

మీరు రెండు పాచికలు కలిపి వేసే రూల్ వాడుతుంటే ఇంకో జాగ్రత్త. 7 లేదా అంతకన్నా ఎక్కువ పడే అవకాశం 58 శాతం, 8 లేదా ఎక్కువ 42, 9 లేదా ఎక్కువ 28. అదే 11 నుంచి 12కి వెళ్తే 8 నుంచి 3కి పడుతుంది. అంటే గోడ చాటు ఇచ్చే "ఒక పాయింట్" విలువ ఒక్కో చోట ఒక్కోలా ఉంది. సులువు కదా అని ప్రతి పాయింట్‌నీ 10 శాతం చేసేస్తే అది వేరే ఆట అయిపోతుంది. ఇలా ఒక్కో చోట ఒక్కోలా మారే ఈ వంపు మీకు నచ్చితే వంపునే ఉంచి శాతం చూపించండి.

టర్న్ క్రమం మార్చడానికి మాత్రం భయపడకండి. బ్యాటిల్‌టెక్ బోర్డ్ గేమ్‌లో ముందు అందరూ కదులుతారు, తర్వాత అందరూ కాలుస్తారు, దెబ్బలన్నీ ఒకేసారి లెక్కలోకి వస్తాయి. 2018లో వచ్చిన కంప్యూటర్ గేమ్‌లో ఒక్కో మెక్ (భారీ యుద్ధ రోబో) కదిలి, అప్పటికప్పుడే కాలుస్తుంది, తేలికవి ముందు, బరువైనవి తర్వాత. ఆ గేమ్ చేసిన స్టూడియో పెట్టిన జోర్డన్ వైస్మన్ బోర్డ్ గేమ్ సృష్టికర్తల్లో ఒకరు, అంటే మార్చింది బయటివాళ్లు కాదు. దానికి ఎదురుగా 2013లో వచ్చిన స్పేస్ హల్క్ కంప్యూటర్ గేమ్ చూడండి, బోర్డ్ గేమ్‌ని దాదాపు అచ్చు దింపారు, చాలామంది విసుక్కున్నది మాత్రం టెర్మినేటర్లు (బరువైన కవచం తొడిగిన సైనికులు) నడిచే వేగం మీద. టేబుల్ మీద బొమ్మని ఎత్తి పెట్టడానికి ఒక్క క్షణం చాలు మరి!

ఇక అసలు కష్టం దూరం, చూపు. టేపు పెట్టి అంగుళాలు కొలిచే ఆటలో, కొలవకముందే "మీదికి దూకుతున్నా" అని చెప్పాల్సి వస్తే ఆ అంచనాలోనే సగం మజా ఉంటుంది. కంప్యూటర్‌లో ఎంత దూరం అందుతుందో ముందే తెలిసిపోతుంది, అప్పుడు ఆడేవాళ్లు ఏం చేస్తారంటే, శత్రువుకి వెంట్రుకవాసి అందకుండా నిలబడటానికి మౌస్‌తో నిమిషాల తరబడి వెతుకుతారు. మా టెస్టర్లు అదే చేశారు. అందుకే గళ్లకి మారిపోయాం. గళ్లయితే మూలగా వెళ్లడానికి ఒకటి లెక్క వేయాలా ఒకటిన్నర వేయాలా అన్న తగాదా వస్తుంది, అయినా అది ఒక్కసారి తేల్చుకుంటే పోయేది.

చూపు అలా కాదు. టేబుల్ దగ్గర వంగి బొమ్మ కళ్ల ఎత్తులోంచి చూసి, "సగం కనిపిస్తోందిరా, సరే కవర్ (చాటు లాభం) ఇచ్చేద్దాం" అని బేరం కుదుర్చుకుంటాం. కంప్యూటర్‌కి బేరం రాదు. చూపు లెక్క కోసం లోపల గీసే ఒక గీత గోడ అంచుకి తగిలిందని "కనిపించడం లేదు" అంటే, తెర మీద శత్రువు తలకాయ నిక్షేపంగా కనిపిస్తుంటే, ఆడేవాడికి ఒళ్లు మండుతుంది. కాబట్టి ఫలానా గడిలోకి వెళ్తే అక్కడి నుంచి ఎవరెవరు కనిపిస్తారో, ఎవరికి ఎంత కవర్ ఉందో కదలకముందే చూపించండి. మా పనిలో ఎక్కువ టైమ్ తిన్నది ఈ ఒక్క ఫీచరే, మ్యాచ్‌లు తొందరగా సాగడం మొదలైందీ ఇది వచ్చాకే.

పాచిక మీద నమ్మకం గురించి కూడా ముందే ఆలోచించుకోండి. అష్టాచెమ్మాలో గవ్వలు మన చేత్తో మనమే వేస్తాం కాబట్టి పడకపోతే చేతిని తిట్టుకుంటాం, కంప్యూటర్ 90 శాతం అని చూపించి గురి తప్పిస్తే మోసం అంటాం. ఎక్స్‌కామ్ 2 అనే టర్న్ బేస్డ్ కంప్యూటర్ గేమ్‌లో సులువు లెవెల్స్‌లో చూపించే శాతానికి పైన లోపల కాస్త సాయం కలుపుతారు, నాకైతే అది ఇష్టం లేదు, ఇద్దరు మనుషులు ఆడే గేమ్‌లో అసలు పెట్టకూడదు. మేం పడిన ప్రతి పాచికనీ లాగ్‌లో (జరిగినవన్నీ రాసే జాబితాలో) చూపించాం, తిట్లు తగ్గాయి. సేవ్ చేసి, బాగా పడేదాకా మళ్లీ లోడ్ చేసేవాళ్ల కోసం 2012 ఎక్స్‌కామ్‌లోలా రాండమ్ సీడ్‌ని (పాచికలు ఎలా పడాలో నిర్ణయించే మొదటి సంఖ్యని) కూడా సేవ్ ఫైల్లో పెట్టేయండి, అదే పని మళ్లీ చేస్తే అదే ఫలితం వస్తుంది.

అవతలివాడి టర్న్ మధ్యలో "ఆగు, నేను కాలుస్తా" అనే రూల్స్ ఉంటే, ఓవర్‌వాచ్‌లా (శత్రువు కదిలితే కాల్చు అనే ఆదేశంలా) ముందే చెప్పి పెట్టుకునేలా మార్చండి. నెట్‌లో ఆడేటప్పుడు ప్రతి అడుగుకీ పాప్అప్ వస్తే ఎవరూ ఆడరు.

అస్సలు తగ్గించకూడనిది మ్యాచ్‌ల మధ్య కథ. మోర్డ్‌హైమ్‌లో హీరో పడిపోతే మ్యాచ్ అయ్యాక గాయాల పట్టిక మీద పాచికలు వేస్తారు, కాలు దెబ్బతినవచ్చు, కన్ను పోవచ్చు, పగ పెంచుకోవచ్చు. ఆ కాగితాల పనంతా కంప్యూటర్ చిటికెలో చేస్తుంది, 2015లో వచ్చిన దాని కంప్యూటర్ గేమ్‌లో బాగున్నదీ ఇదే. ఒక్కొక్కడి భుజం వెనక నుంచి నడిపించే కెమెరా మాత్రం నాకు నచ్చలేదు, బోర్డు మొత్తం ఒక్క చూపులో కనిపించడమే కదా టేబుల్ ఆటకి బలం.

పావువంతు మంది పడిపోయాక ధైర్యం పరీక్ష పెట్టి, ఓడితే పారిపోయే రూల్ మీ దాంట్లో ఉంటే తప్పకుండా ఉంచండి. చివర్లో ఎక్కడో మూల నక్కిన ఒక్క శత్రువు కోసం మ్యాప్ అంతా తిరిగే బాధ తప్పుతుంది. ఏఐ (కంప్యూటర్ తరఫున ఆడే భాగం) మాత్రం మొదట్లోనే రాయకండి, ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని ఆడేలా చేసి రూల్స్ కుదిరాక మొదలుపెట్టండి, లేకపోతే రూల్ మార్చిన ప్రతిసారీ ఏఐని మళ్లీ నేర్పించాలి.

కామెంట్లో కాపీరైట్ సంగతి అడిగారు. మామూలుగా ఆట నడిచే పద్ధతికి, ఐడియాకి కాపీరైట్ ఉండదు, కానీ రూల్‌బుక్‌లో రాసిన వాక్యాలు, బొమ్మలు, చిత్రాలు, ప్రపంచం, పాత్రలు, ట్రేడ్‌మార్క్ పేర్లు వాళ్లవే. మీ రూల్స్ మీరే రాసుకున్నారు కాబట్టి జాతుల పేర్లూ ఊరి పేరూ కూడా మీవే పెట్టుకోండి, స్టీమ్‌లో (గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో) అమ్మే ఆలోచన ఉంటే ముందు ఒక లాయర్‌కి చూపించండి.