సపోర్ట్ ఉద్యోగం మానిపించి సైబర్ సెక్యూరిటీలో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చేశాడు. హైదరాబాద్‌లో ఓ ఆఫీసులో కాంట్రాక్టు మీద డెస్క్‌టాప్ సపోర్ట్‌లో చేరి ఎనిమిది నెలలైంది. జీతం 17 వేలు. ప్రింటర్లు, పాస్‌వర్డులు చూడటం, సర్వర్ ఆగితే పరిగెత్తడం, ఇదే పని. బంధువుల్లో చెప్పుకోలేకపోతున్నాం. మానిపించి, లక్షన్నర కట్టి, జాబ్ గ్యారంటీ ఉన్న సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండింట్లో ఏది మేలు? (ఒక తండ్రి, నల్గొండ)

జవాబు: మానిపించకండి. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మాత్రం మారుతుంది: నిన్న డెవాప్స్, ఇవాళ సైబర్ సెక్యూరిటీ. ‘బంధువుల్లో చెప్పుకోలేకపోతున్నాం’ అన్న మాట మాత్రం మారదు. అసలు బెంగ అదే కదండీ? పిల్లాడు సొంతంగా ఉద్యోగం తెచ్చుకుంటే, పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి బాగాలేదని మానిపిస్తారా?

వాడు చేసేది చిన్న పనేమీ కాదు. ఒక ఉద్యోగి లాగిన్ మాటిమాటికీ లాక్ అవుతుందనుకోండి. వచ్చిన ప్రతిసారీ అన్‌లాక్ చేసి టికెట్ (ఫిర్యాదు నమోదు) మూసేసేవాళ్లుంటారు. అసలు లాక్ ఎక్కడి నుంచి పడుతోందని సర్వర్ లాగ్ (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా) తెరిచి చూసేవాడు ఒకడుంటాడు. చూస్తే, ఆ ఉద్యోగి ఫోన్‌లోని మెయిల్ ఇంకా పాత పాస్‌వర్డే పంపుతూ ఉంటుంది. లినక్స్ సర్వర్‌లో డిస్క్ నిండిందని పెద్ద లాగ్ ఫైల్ తీసేస్తారు, జాగా మాత్రం తిరిగి రాదు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఏదో ఆ ఫైల్‌ని ఇంకా పట్టుకుని ఉంటుంది; దాన్ని రీస్టార్ట్ చేస్తే తప్ప వదలదు. ఇవి క్లాసులో వింటే గుర్తుండవు. యూజర్ పక్కన నిలబడి ‘ఇంకా ఎంతసేపు’ అంటుంటే ఒంటబడతాయి.

ఇక ఆ కోర్సు సంగతి. సెక్యూరిటీ మంచి రంగమే. ఫ్రెషర్లకి అమ్ముతున్న తీరు మీదే నాకు అనుమానం. అందులో తొలి మెట్టు ఉద్యోగం చాలావరకు షిఫ్టుల్లో కూర్చుని అలర్ట్‌లు చూడటం, లాగ్‌లు చదవడం. విండోస్ లాగ్‌లో 4625 అన్న నంబరు అంటే విఫలమైన లాగిన్, 4740 అంటే లాక్ అయిన అకౌంట్. కోర్సులో వీటిని స్లైడ్ మీద చూపిస్తారు. మీ వాడి ముందు ఇవి రోజూ పడుతూనే ఉంటాయి. నెట్‌వర్క్, సర్వర్ ఎలా నడుస్తాయో తెలియకుండా వాటికి కాపలా కాస్తాననడం, ఈత రాకుండా గజ ఈతగాడి కొలువుకి దరఖాస్తు పెట్టడమే. ‘జాబ్ గ్యారంటీ’ అన్నవాళ్లని, ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కిస్తామని కాగితం మీద రాసిమ్మనండి. రాయకపోతే మీకు జవాబు దొరికినట్టే.

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రయిక్ అప్‌డేట్ ఒకటి వికటించి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో ఆగిపోయాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ అప్‌డేట్ భద్రత కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌దే! చాలా మెషీన్ల దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ అప్‌డేట్‌తో వచ్చిన చెడ్డ ఫైల్‌ని తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట రికవరీ కీ కూడా వెతకాల్సి వచ్చింది. ఆ పనిలో దిగినవాళ్లలో మీ అబ్బాయిలాంటి సపోర్ట్ కుర్రాళ్లు ఎందరో.

అలాగని ఈ దారిలో గుంతలు లేవనను. కాంట్రాక్టులోనే ఉండిపోతే జీతం ఎదగదు. ఎల్1లోనే, అంటే సపోర్ట్ తొలి మెట్టులోనే, మూడు నాలుగేళ్లు పాస్‌వర్డులు మారుస్తూ గడిపేసినవాళ్లున్నారు, నా భయమల్లా అదే. అందుకని సర్వర్ టీమ్ రాత్రిపూట ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) వేసేటప్పుడు పక్కన కూర్చుంటానని మేనేజర్‌ని అడగమనండి. విండోస్ పనుల్ని ఆదేశాలు రాసి చేయించే పవర్‌షెల్ నేర్చుకోమనండి. విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ ఉచితం. ఇంట్లో వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్ లాంటిది) వేసుకుని, చెడగొట్టి, బాగు చేసుకోవచ్చు. ర్యామ్ సరిపోయే ల్యాప్‌టాప్ కొనిపెట్టండి, మీ లక్షన్నరలో ఆ మాత్రం ఖర్చు చాలు. సెక్యూరిటీ వైపు తర్వాతైనా వెళ్లొచ్చు, అప్పుడు ఇంటర్వ్యూలో చెప్పడానికి వాడి దగ్గర సరుకు ఉంటుంది.

అన్నట్టు, ఉత్తరం మొత్తంలో వాడికి ఈ పని నచ్చిందో లేదో మీరు రాయలేదు. ఈసారి అబ్బాయినే రాయమనండి. తాను పరిష్కరించిన నాలుగు సమస్యలు, వాటి కారణం ఎలా పట్టుకున్నాడో సొంత మాటల్లో పంపితే, తర్వాతి మెట్టయిన ఎల్2 కోసం ఇప్పుడే అడగాలో, ఇంకొన్నాళ్లు ఆగాలో వాడికే చెబుతాను.